బ్యాడ్జర్ - వేధించేది ఎవరు?



ఇంగ్లీషులో జంతువుల పేర్లే క్రియలుగా మారిన మాటలు చాలా ఉన్నాయి. 'ఏప్' అంటే కోతిలా అనుకరించడం. 'ప్యారట్' అంటే అర్థం తెలియకుండా చిలుక పలుకులు పలకడం. 'వుల్ఫ్' అంటే తోడేలులా ఆబగా మింగడం. ఈ మూడింటిలోనూ ఆ జంతువు చేసే పనినే మనిషికి అంటగట్టారు. ఈ వారం మనము నేర్చుకొనే 'బ్యాడ్జర్' మాత్రం వీటికి భిన్నమైనది.

బ్యాడ్జర్ అనగా వద్దన్నా వినకుండా, అడిగిందే అడిగి విసిగించడం, ప్రాణం తోడేయడం. సంభాషణలో ఎక్కువగా వాడతారు. "స్టాప్ బ్యాడ్జరింగ్ మీ!" అంటే "నన్ను సతాయించకు!" అని. "దే బ్యాడ్జర్డ్ హిమ్ ఇంటు సెల్లింగ్ ద హౌస్" అంటే "వెంటపడి వేధించి అతనిచేత ఇల్లు అమ్మించారు" అని.

అయితే బ్యాడ్జర్ అనే జంతువు అంత పీడించేదా? కానే కాదు. ఇది ఇంగ్లండులో అడవుల అంచున కలుగులు త్రవ్వుకొని బ్రతికే జంతువు. బరువు సుమారు 10 కిలోలు. ముఖం మీద నలుపు, తెలుపు చారలుంటాయి. పగలంతా కలుగులో పడుకొని, రాత్రివేళ బయటకు వచ్చి ముఖ్యంగా వానపాములను తింటుంది. ఎవరి జోలికీ పోదు.

పూర్వము అక్కడ ఒక క్రూరమైన వినోదం ఉండేది. బ్యాడ్జరును పట్టి తెచ్చి, పెట్టెలోనో పీపాలోనో ఉంచి, దాని మీదికి కుక్కలను ఉసిగొల్పేవారు. పారిపోవడానికి దారిలేని ఆ ప్రాణి పళ్లతో, గోళ్లతో తెగించి పోరాడేది. చుట్టూ చేరినవారు పందాలు కాసేవారు. ఈ ఆట నుండే 18వ శతాబ్దం చివరలో ఈ క్రియ పుట్టింది. అనగా, ఈ మాటలో వేధించేది కుక్కలు, వేధింపబడేది బ్యాడ్జర్. బ్రిటిష్ పార్లమెంటు 1835లో ఇటువంటి పోరాటాలను నిషేధించింది. 1992 నాటి చట్టం ప్రకారం అక్కడ బ్యాడ్జర్ కలుగును పాడుచేయడం కూడా నేరమే.

అమెరికా కోర్టులలో సాక్షిని ప్రశ్నలతో బెదరగొడితే, "బ్యాడ్జరింగ్ ద విట్నెస్" అని ఎదుటి వకీలు అభ్యంతరం చెబుతాడు. మన దేశంలోనూ 1872 నాటి సాక్ష్య చట్టం, దాని స్థానంలో 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన కొత్త చట్టం, సాక్షిని అవమానించడానికో విసిగించడానికో వేసే ప్రశ్నలను కోర్టు అడ్డుకోవాలని చెబుతున్నాయి.

కోర్టులో సాక్షికి ఆ రక్షణ ఉంది. మరి ఇంట్లో? మార్కులు తగ్గిన పిల్లవాడిని తల్లి ఒకసారి, తండ్రి ఒకసారి, వచ్చిన చుట్టమల్లా ఒకసారి అదే ప్రశ్న అడిగితే, పీపాలో ఉన్నది ఎవరు? పెండ్లి కుదరని ఆడపిల్లను ప్రతి శుభకార్యంలో పదిమందీ అదే అడిగితే? ప్రశ్న మంచిదే కావచ్చు. తప్పించుకొనే దారి లేకుండా అడగడమే వేధింపు.

అభ్యాసం: 'బ్యాడ్జర్' అనే క్రియతో మూడు వాక్యాలు వ్రాయండి. ఒక్కొక్క దానిలో కుక్కలు ఎవరో, బ్యాడ్జర్ ఎవరో గుర్తించండి.