అరవై ఏడు మస్టాంగ్‌కి ఏ బ్యాటరీ కొనాలి?

మొన్నామధ్య ఒక ఏప్రిల్ శనివారం పొద్దున్నే మా మిత్రుడొకాయన ఫోన్ చేసి, "గురూ, మన గుర్రం లేవనంటోంది" అన్నాడు. ఆయన గుర్రం 1967 నాటి ఫోర్డ్ మస్టాంగ్. 289 ఘనపుటంగుళాల వీ-8 ఇంజను, ఎర్ర రంగు, ఇంట్లో ఆవిడకి చెప్పిన ధర ఒకటి, అసలు ధర ఇంకొకటి. మేమిద్దరం డెట్రాయిట్ చుట్టుపక్కల ఊళ్ళలోనే ఉంటాం. ఇక్కడ కార్ల కంపెనీల్లో కన్సల్టింగుకి వచ్చిన మనవాళ్ళలో కొందరికి కొన్నాళ్ళకి ఈ పాత కార్ల పిచ్చి అంటుకోవడం మామూలే. మస్టాంగుని మజిల్ కార్ అనకూడదు, పోనీ కార్ అనాలి అని పట్టుబట్టే ఛాందసులున్నారు. బ్యాటరీకి ఆ తేడా తెలియదు కాబట్టి మనమూ పట్టించుకోవద్దు.

నేను వెళ్ళేసరికే ఆయన దుకాణానికి పోయి, ఉన్నవాటిలోకెల్లా పెద్ద అంకె ఉన్న బ్యాటరీ తెచ్చేశాడు. పాతదాన్ని తీసి కొత్తదాన్ని పళ్ళెంలో కూర్చోబెట్టాడు. సరిగ్గా పట్టింది. పాత బ్యాటరీకి ఏ వైరు ఎటువైపు ఉండేదో అటువైపే తగిలించాడు. ఛట్టున ఒక మెరుపు, ఆ వెనకే కాలిన వాసన. కొత్త బ్యాటరీలో ధన, ఋణ ధ్రువాలు పాతదానికి తారుమారుగా ఉన్నాయి! ఆల్టర్నేటర్లో ఉండే డయోడ్లు కరెంటుని ఒకవైపే పోనిస్తాయి. బ్యాటరీని తిరగేసి తగిలిస్తే అవి మూసుకోవలసింది పోయి బార్లా తెరుచుకుంటాయి. వందల ఆంపియర్లు వాటి గుండా పోతే క్షణంలో ఖాళీ. డయోడ్లు పోయాయి, ఆల్టర్నేటర్ నుంచి వచ్చే తీగ మీద తొడుగు కరిగిపోయింది. రిపేరుకి బ్యాటరీ ఖరీదుకి మూడు రెట్లయింది.

ఆయన చేసిన పొరపాటు తెలివితక్కువది కాదు. మనలో చాలామంది చేసేదే. స్టిక్కరు మీద పెద్దగా కనిపించే అంకె చూసి కొన్నాడు, చిన్నగా కనిపించేది చూడలేదు. అందుకే ఈసారి ఈ సంగతి రాద్దామనిపించింది.

ఆ చిన్న అంకె పేరు గ్రూప్ సైజు. అమెరికాలో బ్యాటరీ కౌన్సిల్ ఇంటర్నేషనల్ అనే సంస్థ బ్యాటరీల పొడవు, వెడల్పు, ఎత్తు, ధ్రువాలు ఏ వైపున ఎలా ఉండాలి అన్నవన్నీ కలిపి ఒక్కో కొలతకీ ఒక్కో నంబరిచ్చింది. మా భాషలో చెప్పాలంటే ఇది ఇంటర్‌ఫేస్. లోపల కోడ్ ఎంత వేగంగా నడిచినా ఇంటర్‌ఫేస్ కలవకపోతే ప్రోగ్రాం కూలిపోతుంది. మా మిత్రుడి మస్టాంగ్‌కి సరిపోయేది 24ఎఫ్. ఆయన తెచ్చింది ఎఫ్ లేని 24. రెండూ సుమారు పదింబావు నుంచి పదిముప్పావు అంగుళాల పొడవు, దాదాపు ఏడంగుళాల వెడల్పు, తొమ్మిదంగుళాల ఎత్తు. పళ్ళెంలో రెండూ కూర్చుంటాయి. కానీ ఒకదాంట్లో కుడివైపున్న ధ్రువం రెండోదాంట్లో ఎడమవైపుంటుంది. ఆ ఒక్క అక్షరం విలువ మనం చూశాం కదా!

"బ్యాటరీని గుండ్రంగా తిప్పి పెడితే సరిపోదా?" అని అడగవచ్చు. ధ్రువాలు సరైన పక్కకే వస్తాయి, కానీ వైర్లకి దూరమైపోతాయి. లాగి తగిలిస్తే బిగువుగా ఉన్న వైరు ఏ ఇనప అంచుకో రాసుకుంటుంది. ఎత్తు కూడా కొలుచుకోవాలి. ధన ధ్రువానికీ మూసిన బానెట్‌కీ మధ్య ఖాళీ లేకపోతే గతుకు మీద రెండూ ముద్దు పెట్టుకుంటాయి. అప్పుడు మీ దగ్గరున్నది కారు కాదు, వెల్డింగ్ మిషను. బ్యాటరీ కదలకుండా పట్టి ఉంచే క్లాంపు లేకుండా తిరిగే పాత కార్లెన్నో! ఐదు డాలర్ల ముక్క అది. జనరల్ మోటార్స్ కార్లయితే ఇంకో చిక్కుంది. 1970ల నుంచి వాళ్ళు పక్కన మర బిగించే ధ్రువాల బ్యాటరీలు వాడారు కాబట్టి, మీ కమారోకో షెవెల్‌కో పైన ధ్రువాలున్నవి కావాలో, పక్కనున్నవి కావాలో వైర్ల కొసలు చూసి నిర్ణయించుకోండి. ఇన్నేళ్ళలో ఎవరో ఒకరు మార్చి ఉండవచ్చు కాబట్టి పుస్తకం కన్నా కారునే నమ్మాలి.

ఇక ఆ పెద్ద అంకె సంగతి. దాన్ని కోల్డ్ క్రాంకింగ్ ఆంప్స్, పొట్టిగా సీ.సీ.ఏ. అంటారు. సున్నా డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర, అంటే మన లెక్కలో మైనస్ 18 సెల్సియస్ దగ్గర, 12 వోల్టుల బ్యాటరీ తన వోల్టేజీ 7.2కి తగ్గకుండా 30 సెకన్ల పాటు ఎన్ని ఆంపియర్లు ఇవ్వగలదో చెప్పే అంకె అది. రోజూ మంచులో బయట నిలబెట్టి ఆఫీసుకి నడిపే కారుకి అది ప్రాణప్రదమే. మరి మా మిత్రుడి మస్టాంగ్? నవంబరులో గరాజులోకి వెళ్ళి ఏప్రిల్లో బయటికొస్తుంది. ఆగస్టులో వుడ్‌వార్డ్ ఎవెన్యూ మీద 1995 నుంచి జరుగుతున్న పాత కార్ల ఊరేగింపుకి ముస్తాబవుతుంది. మైనస్ 18 దగ్గర దాని తాళం తిప్పిన వాడెవడూ లేడు, తిప్పబోయేవాడూ లేడు. ఆ 289 ఇంజన్ని తిప్పడానికి మామూలు వాతావరణంలో స్టార్టరు లాగేది సుమారు 150 నుంచి 200 ఆంపియర్లు. ఐదారువందల సీ.సీ.ఏ. ఉంటే బోలెడు. ఎనిమిదివందలకి డబ్బు పోసి ఏం లాభం?

లాభం లేకపోగా కొంత నష్టం కూడా. అదే కొలత పెట్టెలో సీ.సీ.ఏ. పెంచాలంటే సీసపు పలకల్ని పల్చగా చేసి ఎక్కువ పలకలు పెట్టాలి. గంధకామ్లానికి, అదే సల్ఫ్యూరిక్ ఆసిడ్‌కి, తగిలే ఉపరితలం పెరుగుతుంది, ఒక్కసారిగా ఎక్కువ కరెంటొస్తుంది. కానీ పల్చటి పలకలు పూర్తిగా ఖాళీ అయి మళ్ళీ నిండడాన్ని ఎక్కువసార్లు తట్టుకోలేవు. పాత కార్లకి తరచుగా జరిగేది సరిగ్గా అదే. అంతకన్నా రిజర్వ్ కెపాసిటీ అనే అంకె చూడండి. 80 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర 25 ఆంపియర్లు వాడుతూ పోతే 10.5 వోల్టులకి పడిపోవడానికి ఎన్ని నిమిషాలు పడుతుందో అది చెబుతుంది. దారిలో ఆల్టర్నేటర్ చచ్చిపోతే ఇంటికి చేరతామా లేదా అన్నదానికి జవాబు అక్కడుంటుంది.

సరే, అసలు మొదటి బ్యాటరీ ఎందుకు చచ్చింది? కొత్తది కొనే ముందు ఈ ప్రశ్న వేసుకోకపోతే వచ్చే ఏడూ ఇదే కథ. ఆయన కారులో కొత్తరకం స్టీరియో, దానికో ఆంప్లిఫయరూ పెట్టించాడు. బ్యాటరీ ఋణ ధ్రువం నుంచి వైరు విప్పి, మధ్యలో మీటరు పెట్టి, తలుపులన్నీ మూసి చూశాం. (ఇలా పెట్టినప్పుడు పొరపాటున కూడా స్టార్ట్ చేయకండి, మీటరు ఫ్యూజు ఎగిరిపోతుంది.) కంప్యూటర్లేవీ లేని 1967 కారులో అంతా ఆపేస్తే కనిపించవలసింది దాదాపు సున్నా. కనిపించింది 60 మిల్లీఆంపియర్లు. ఇంతేనా అనిపిస్తుంది. రోజుకి 24 గంటలు, అంటే 1.44 ఆంపియర్-గంటలు. 60 ఆంపియర్-గంటల బ్యాటరీ 42 రోజుల్లో ఖాళీ! నవంబరు మొదట్లో నిలబెడితే డిసెంబరు మధ్యకి హరీ.

అక్కడితో అయిపోలేదు. బ్యాటరీ ఖాళీ అవుతున్నకొద్దీ ఆమ్లం నీళ్ళవుతుంది. నిండుగా ఉన్న బ్యాటరీ మిషిగన్ చలికి గడ్డకట్టదు, పూర్తిగా ఖాళీ అయినది మైనస్ 7 సెల్సియస్ దగ్గరే గడ్డకడుతుంది. మా జనవరి రాత్రులకి అదొక లెక్క కాదు. పాతదాన్ని బయటికి తీసి చూస్తే అడుగున సన్నటి పగులు, కింద పళ్ళెం తుప్పు పట్టి పొరలు పొరలుగా లేస్తోంది. ఈ కార్లలో బ్యాటరీ కిందా పక్కనా ఉండే రేకులు కొత్తవి విడిగా అమ్ముతున్నారంటేనే ఈ జబ్బు ఎంత మామూలో ఊహించుకోండి. అరవయ్యేళ్ళ రేకుని ఆమ్లం తినేస్తోందన్నదే నా దృష్టిలో అసలు నష్టం. బ్యాటరీ మళ్ళీ కొనుక్కోవచ్చు.

అందుకే ఆయనకి ఏ.జీ.ఎం. రకం కొనమన్నాను. దీంట్లో ఆమ్లం ద్రవంగా తొణకదు, పలకల మధ్య గాజునూలు చాపలో ఇంకి ఉంటుంది. కారదు, ఆవిర్లు మామూలుగా బయటికి రావు, ఊరికే ఉన్నప్పుడు తనంతట తాను తగ్గిపోయే ఛార్జీ కూడా తక్కువ. ధర మామూలుదానికి ఒకటిన్నర రెట్ల పైమాటే. కానీ దీనికి ఒక షరతుంది, దాన్ని దుకాణంలో ఎవరూ చెప్పరు. ఆ రోజుల్లో ఫోర్డ్ కార్లలో ఛార్జింగ్ వోల్టేజీని అదుపు చేసేది ఆల్టర్నేటర్‌కి విడిగా ఉన్న ఒక రేకు డబ్బా. దాని లోపల అయస్కాంతంతో టకటక కొట్టుకునే స్పర్శకాలుంటాయి. వయసు మీద పడ్డాక అది ఎక్కడ ఆగాలో మరిచిపోతుంది. ఛార్జింగ్ 15 వోల్టులు దాటితే బ్యాటరీలో నీరు ఉదజని, ఆమ్లజనిగా విడిపోతుంది. మామూలు బ్యాటరీ అయితే మూత తీసి స్వేదన జలం పోసుకోవచ్చు. ఏ.జీ.ఎం.లో పోసే దారి లేదు, ఎండిపోయినట్టే.

కాబట్టి కొనే ముందు ఇంజను నడుస్తుండగా, వేగం కొంచెం పెంచి, బ్యాటరీ ధ్రువాల మధ్య వోల్టేజీ చూడండి. 13.8కీ 14.6కీ మధ్య నిలకడగా ఉంటే ఏ.జీ.ఎం. నిశ్చింతగా పెట్టుకోవచ్చు. ఎగిరెగిరి పడుతుంటే ముందు రెగ్యులేటర్ మార్చండి. పాత డబ్బా రూపంలోనే లోపల ఎలక్ట్రానిక్స్ పెట్టినవి దొరుకుతున్నాయి. అదీ వద్దనుకుంటే మామూలు బ్యాటరీయే కొనుక్కుని, నెలకోసారి నీళ్ళు చూసుకోండి.

లిథియం రకాల గురించి కూడా అడుగుతున్నారు. బరువు చాలా తక్కువ. కానీ గడ్డకట్టే చలిలో వాటిని ఛార్జి చేయకూడదు, పాత రెగ్యులేటర్‌తో వాటికి పొసగదు. రేసులకి వెళ్ళేవాళ్ళకి వదిలేద్దాం. ప్రదర్శనల్లో బహుమతుల కోసం పోటీపడేవాళ్ళకి నాటి ఆటోలైట్ బ్యాటరీల రూపంలోనే కొత్తగా చేసినవి దొరుకుతాయి. చూడముచ్చటగా ఉంటాయి, ధర చూస్తే ముచ్చట తీరిపోతుంది. ఇంకొందరు బరువు సర్దడానికి బ్యాటరీని డిక్కీలోకి మారుస్తారు. మస్టాంగ్ అయితే ఒక్క నిమిషం ఆగండి. అరవైల మస్టాంగుల్లో డిక్కీ నేలలా కనిపించే ఆ రేకు పెట్రోలు టాంకు పైభాగమే! మూతబడిన పెట్టె, ఆవిర్లు బయటికి పోయే గొట్టం, బ్యాటరీ పక్కనే పెద్ద ఫ్యూజు లేకుండా ఆ పని చేయకండి.

ఇంకో సంగతి. వేడిగా ఉన్న ఇంజను మళ్ళీ స్టార్టవడానికి మొరాయిస్తే అందరూ బ్యాటరీనే తిడతారు. తిప్పుతున్నప్పుడు బ్యాటరీ ధ్రువాల దగ్గర 9.6 వోల్టుల పైన ఉండి, స్టార్టరు దగ్గర అంతకన్నా అర వోల్టు మించి తక్కువ కనిపిస్తే, తప్పు బ్యాటరీది కాదు, వైరుదో బిగింపుదో. పాత రాగి వైరు లోపల పచ్చగా కుళ్ళి ఉండవచ్చు. ఇరవై డాలర్ల వైరు మార్చాల్సిన చోట రెండొందల డాలర్ల బ్యాటరీ కొన్నవాళ్ళని చూశాను.

దుకాణంలో తేదీ కోడ్ చూడడం మరిచిపోకండి. చాలా కంపెనీలు నెలకి ఒక అక్షరం, సంవత్సరానికి చివరి అంకె వేస్తాయి. ఏ అంటే జనవరి, బీ అంటే ఫిబ్రవరి. మూడు నెలల కన్నా పాతదైతే వెనకనున్నది అడగండి. దుకాణం అటక మీద ఛార్జి లేకుండా కూర్చున్న బ్యాటరీ పలకల మీద సల్ఫేటు గట్టిపడి, కొనకముందే సగం ముసలిదవుతుంది. చేతిలో మీటరుంటే అక్కడే కొలవండి. 12.6 దాటితే తీసుకోండి, 12.4కి దిగితే వద్దు. పాతదాన్ని తిరిగిస్తే డిపాజిట్ వెనక్కిస్తారు, అది కరిగించి మళ్ళీ కొత్త బ్యాటరీల్లోనే వాడతారు.

చివరికి మా మిత్రుడు 24ఎఫ్ కొలతలో ఏ.జీ.ఎం. కొన్నాడు. కొత్త ఆల్టర్నేటర్‌తో పాటు రెగ్యులేటర్ కూడా మార్పించాడు. తుప్పు గోకి, పళ్ళేనికి రంగు వేయించాడు. చలికాలంలో గోడకి తగిలించి ఉంచే చిన్న ఛార్జరు ఒకటి, ఏ.జీ.ఎం.కి పనికొస్తుందని రాసి ఉన్నది, తెచ్చుకున్నాడు. స్టీరియో తీసేయమంటే మాత్రం ఒప్పుకోలేదు. "ఘంటసాల పాట లేకుండా ఆ కారెందుకు గురూ?" అన్నాడు. అందుకని ఋణ ధ్రువానికి ఒక స్విచ్చు పెట్టాం. విప్పేటప్పుడు ముందు ఋణ ధ్రువం, బిగించేటప్పుడు అది ఆఖరున. అలా చేస్తే రెంచి జారి బాడీకి తగిలినా ఏమీ కాదు. ధన వైరు కొసకి ఎర్ర టేపు నేనే చుట్టి వచ్చాను, రెండు పొరలు.