ఏ ధర ఎక్కువ, ఏది తక్కువ?

రెండు సంఖ్యలలో ఏది పెద్దదో చెప్పడం చిన్న తరగతుల పాఠమే. కాని మార్కెట్లో ధరలన్నీ ఒకే తీరున రావు. ఒకరు క్వింటాలుకు చెబుతారు, మరొకరు క్యాండీకి, ఇంకొకరు సంచికి. కొన్ని ధరలు దశాంశాలతో వస్తాయి. అరుదుగా మైనస్ గుర్తుతో కూడా రావచ్చు. పోల్చే పద్ధతి తప్పితే లాభమనుకున్న బేరం నష్టంలో తేలుతుంది. ఆ పద్ధతిని వరుసగా చూద్దాం.

ముందు కొలత, తర్వాత సంఖ్య

2022 జూలై 18 నుంచి, ముందే ప్యాక్ చేసి లేబుల్ వేసిన 25 కిలోలు, అంతకు లోపు బియ్యం సంచులపై 5 శాతం జి.ఎస్.టి. విధించారు. దానితో 26 కిలోల సంచులు మార్కెట్లోకి వచ్చాయి. 25 కిలోల సంచి పన్నుతో కలిపి రూ. 1,350, 26 కిలోల సంచి రూ. 1,391 అనుకుందాం. సంచి ధర చూస్తే రెండోది ఎక్కువ. కిలోకు లెక్కిస్తే మొదటిది రూ. 54, రెండోది రూ. 53.50. అంటే రెండోదే చౌక.

దూది వ్యాపారంలో ఈ తేడా ఇంకా పెద్దది. ఒక క్యాండీ 355.62 కిలోలు. ఒక మిల్లువారు క్యాండీ రూ. 56,000 అన్నారు, మరొకరు క్వింటాలు రూ. 15,900 అన్నారు అనుకుందాం. 15,900ను 3.5562తో హెచ్చిస్తే క్యాండీకి సుమారు రూ. 56,543 అవుతుంది. చిన్నగా కనిపించిన ధరే ఖరీదు. 170 కిలోల బేళ్లు వంద కొంటే తేడా దాదాపు 26 వేల రూపాయలు.

అంకెలు లెక్కపెట్టాలి

కొలత ఒకటయ్యాక, పూర్ణ సంఖ్యలలో అంకెలు ఎక్కువ ఉన్నదే పెద్దది. 98,750లో అంకెలు ఐదు, 1,02,000లో ఆరు. అంకెలు సమానమైతే ఎడమ నుంచి ఒక్కొక్క స్థానం పోల్చాలి. మొదటి తేడా ఎక్కడ వస్తే అక్కడే తీర్పు. విదేశీ నివేదికలలో 1,250,000 అని కనిపిస్తే కామాలను చూసి తడబడవద్దు. అది మన 12,50,000 మాత్రమే.

దశాంశం దగ్గర జాగ్రత్త

బ్రోకరేజి ఒకచోట 0.45 శాతం, మరొకచోట 0.5 శాతం. 5 కన్నా 45 పెద్దది కాబట్టి మొదటిదే ఎక్కువ అనుకోరాదు. 0.5 అంటే 0.50. పది లక్షల సరుకుపై మొదటిది రూ. 4,500, రెండోది రూ. 5,000. దశాంశ బిందువు తర్వాత స్థానాలు సమానం చేసి పోల్చడమే క్షేమం.

సున్నకు దిగువన

2020 ఏప్రిల్ 20న న్యూయార్కులో అమెరికన్ ముడి చమురు మే నెల వాయిదా ధర బ్యారెలుకు మైనస్ 37.63 డాలర్ల వద్ద ముగిసింది. ముంబయిలోని మల్టీ కమోడిటీ ఎక్స్ఛేంజి తన ఏప్రిల్ కాంట్రాక్టును మైనస్ రూ. 2,884 ధరకు సెటిల్ చేసింది.

మైనస్ గుర్తు ఉంటే వరుస తిరగబడుతుంది. 37 పదికన్నా పెద్దది. మైనస్ 37 మాత్రం మైనస్ పదికన్నా చిన్నది. బ్యారెలు రూ. 1,000కి కొని చివరిదాకా ఉంచుకున్న వర్తకుని లెక్క చూద్దాం. ధర సున్నకు పడితే నష్టం వెయ్యి. ఇక్కడ సున్న దాటి మరో 2,884 దిగింది. కాబట్టి నష్టం రూ. 3,884. వంద బ్యారెళ్ల లాటుకు రూ. 3,88,400. వెయ్యికి మించి పోదని మార్జిను కట్టినవారికి ఇది పెద్ద దెబ్బే.

కనుక ఫోనులో ధర వినగానే ఖాయం చేయవద్దు. కొలత ఏది, బిందువు ఎక్కడ, గుర్తు ఏమిటి అని ముందుగా అడగండి. సంఖ్యను ఆ తర్వాత చూడండి.