కుర్చీ వంపులో భౌతికశాస్త్రం

కుర్చీ కూడా ఒక ప్రయోగ ఫలితమేనంటే మిత్రులకు వింతగా తోచవచ్చు. జర్మనీలోని బొప్పార్డ్‌లో 1796లో పుట్టి, తరువాత వియన్నాలో స్థిరపడిన వడ్రంగి మైకేల్ థోనెట్ ప్రయోగాలను పరిచయం చేయడమే ఈ చిన్న వ్యాసం ఉద్దేశం.

కర్ర బలమంతా దాని నారలో ఉంటుంది. తిన్నని దుంగలోంచి వంపు ముక్క కోస్తే నార మధ్యలో తెగుతుంది. బరువు పడితే అక్కడే విరుగుతుంది. ఇది మన రైతులకు తెలియనిది కాదు. నాగలికి సహజంగా వంగిన తుమ్మ కొమ్మ కోసం పొలం గట్లన్నీ వెతికేవాళ్ళమని మా తాతయ్య చెప్పేవారు. కానీ లక్షల కుర్చీలకు అన్ని వంపు కొమ్మలు ఏ అడవిలో దొరుకుతాయి?

థోనెట్ మొదట పల్చటి చెక్క పొరలను జిగురుతో అతికించి వంచాడు. వేడి, తేమ ఎక్కువగా ఉండే దేశాలకు ఓడలో పంపితే ఆ జిగురు ఊడిపోయేది. అందుకని ఒంటి కర్రనే వంచాలనుకున్నాడు.

బీచ్ కర్రను ఆవిరి పెట్టెలో ఉంచితే నారలను పట్టి ఉంచే లిగ్నిన్ మెత్తబడుతుంది. అయినా వంచగానే బయటివైపు చీలుతుంది. ఆవిరి పట్టిన కర్ర నొక్కితే బాగా కుదించుకుంటుంది గానీ, లాగితే ఒకటి రెండు శాతానికి మించి సాగదు. వంపులో లోపలివైపు సంపీడనం, బయటివైపు తన్యత, నడుమ తటస్థ తలం ఉంటాయని మనం చదువుకున్నదే. థోనెట్ బయటివైపు ఇనుప పట్టీ వేసి రెండు కొసలా బిగించాడు. లాగే బలాన్ని పట్టీ మోస్తుంది. తటస్థ తలం పట్టీ వైపు జరిగి, కర్ర దాదాపు అంతా సంపీడనంలోకి వస్తుంది. ఇక చీలదు. అచ్చులోనే ఆరబెడితే వంపు నిలిచిపోతుంది. దీనికి 1856లో పేటెంటు లభించింది.

1859లో వచ్చిన 14వ నంబరు కుర్చీ దీని ఫలమే. 6 ముక్కలు, 10 స్క్రూలు, 2 నట్లు, అంతే! విప్పి సర్దితే ఒక ఘనపు మీటరు పెట్టెలో 36 కుర్చీలు పట్టేవి. 1930 నాటికి దాదాపు 5 కోట్లు అమ్ముడయ్యాయి.

మొరేవియాలో బీచ్ అడవుల పక్కన పెట్టిన ఈ ఫ్యాక్టరీలో పనిచేసినవారు చాలామంది వడ్రంగం నేర్వనివారే. నేర్పు చేతిలోంచి అచ్చులోకి మారింది. సామాన్యుడికి కుర్చీ అందింది, వడ్రంగికి గిరాకీ తగ్గింది. రెండూ నిజమే. ట్రాక్టర్లు వచ్చాక మా ఊళ్ళో నాగలి చేసేవారికీ ఇదే జరిగింది.

అయితే ఆ ఇనుప పట్టీ కర్ర గుణం ఎరిగిన వడ్రంగి బుర్రలో పుట్టిందే. సైన్సు చదివే మనం సెలవుల్లో ఒక పూట ఊరి వడ్రంగి దగ్గర కూర్చుని, కర్ర ఎక్కడ విరుగుతుందో ఎందుకు విరుగుతుందో అడిగి తెలుసుకుందాం. ఆ విద్య ఆయనతోనే పోతే నష్టం మనదే.