పాత ఫోర్‌వీల్ డ్రైవ్ పికప్ – సాదా సేద్యపు బండిగా పునర్నిర్మాణం

వ్యవసాయ యాంత్రీకరణ ప్రస్తావన వచ్చినప్పుడు ట్రాక్టరు, వరికోత యంత్రం, డ్రోను మొదలైనవి చర్చకు వస్తాయి. ఇంటికీ, పొలానికీ, మార్కెట్ యార్డుకూ నడుమ నిత్యం సాగే చిన్న రవాణా మాత్రం అంతగా చర్చకు రాదు. ఎనిమిది బస్తాల ఎరువు, నారు ట్రేలు, కాలిపోయిన మోటారు, సాయంత్రం కోసిన కూరగాయలు వంటి తేలికపాటి బరువుల కోసం ట్రాక్టరునూ ట్రాలీనీ కదిలించడం వల్ల ఇంధనం వృథా అవుతుంది. ద్విచక్ర వాహనం ఈ పనికి చాలదు. వెనుక చక్రాలతో మాత్రమే నడిచే చిన్న సరకు బండి వానాకాలంలో నల్లరేగడి డొంకలలో దిగబడుతుంది. ఈ అవసరాన్ని తీర్చడానికి కొందరు రైతులు పాత ఫోర్‌వీల్ డ్రైవ్ పికప్‌ను కొని, బాగుచేయించి వాడుకుంటున్నారు. ఆ పనిని ఏ వరుసలో చేయాలో, ఎక్కడ ఖర్చు పెట్టాలో, ఎక్కడ ఆపాలో ఈ వ్యాసంలో వివరించడమైనది.

జీపు తరహా వాహనానికి సేద్యంతో ఉన్న సంబంధం కొత్తది కాదు. రెండవ ప్రపంచ యుద్ధం ముగిసిన 1945లో అమెరికాలోని విల్లీస్ సంస్థ సి.జె.-2ఎ అనే పౌర నమూనాను ప్రధానంగా రైతులను ఉద్దేశించి విడుదల చేసింది. పనిముట్లు లాగే డ్రాబారు, యంత్రాలు తిప్పే పి.టి.ఓ., ఇంజను వేగాన్ని నిలకడగా ఉంచే గవర్నరు కోరినవారికి అమర్చి ఇచ్చేవారు. ఆ వంశానికి చెందిన వాహనాలే మన దేశంలో మహీంద్రా సంస్థ ద్వారా దశాబ్దాల పాటు తయారయ్యాయి. 1980లలో వచ్చిన ఎం.ఎం.540 నమూనాలో పెజో రూపకల్పన చేసిన 2,112 సి.సి. డీజిల్ ఇంజను ఉండేది. ఈ కోవకు చెందిన పాత బండ్లలో కంప్యూటర్ నియంత్రణ లేదు. ఇంధన పంపు యాంత్రికంగా పనిచేస్తుంది. అందువల్ల సాధారణ మెకానిక్ చేతి పనిముట్లతోనే వీటిని విప్పి బిగించగలడు.

‘సాదా’ అనే మాటకు అర్థం

సాదా బండి అంటే పాడయ్యే భాగాలు తక్కువగా ఉన్న బండి అని అర్థం చేసుకోవాలి. రక్షణ భాగాలు తక్కువగా ఉన్న బండి అని కాదు. పవర్ అద్దాలు, ఏ.సి., మ్యూజిక్ సిస్టమ్, మెత్తని లోపలి అలంకరణ తొలగించినా పనికి లోటు రాదు. బ్రేకులు, స్టీరింగు, సీటు బెల్టులు, లైట్లు, అద్దాలు, చేతి బ్రేకు మాత్రం తప్పనిసరి. అయితే ఆచరణలో దీనికి భిన్నంగా జరగడం తరచు కనిపిస్తుంది. రైతు ముందుగా ఇంజను మీద, తరువాత రంగు మీద, చివరికి మిగిలిన సొమ్ముతో బ్రేకుల మీద ఖర్చు పెడతాడు. ఆగలేని బండికి బలమైన ఇంజను ఉండడం ప్రమాదకరం. కనుక పునర్నిర్మాణంలో మొదటి స్థానం ఛాసిస్‌కు, రెండవది బ్రేకులకు, మూడవది స్టీరింగుకు, ఆపైన మాత్రమే ఇంజనుకు ఇవ్వాలి.

కొనుగోలుకు ముందు పరీక్ష

ఇంజనును, గేర్ బాక్సును మార్చుకోవచ్చు. తుప్పు తిన్న ఛాసిస్‌నూ, సరిలేని కాగితాలనూ సరిచేయడం దుర్లభం. బండిని ఎత్తుగా నిలిపి, ఛాసిస్ పొడవునా చిన్న సుత్తితో తట్టి చూడాలి. గట్టి ఇనుము ఖంగుమని మోగుతుంది. లోపల తుప్పుపట్టిన చోట మొద్దుగా పలుకుతుంది. కమాన్ పట్టీల హ్యాంగర్లు, స్టీరింగు బాక్సు బిగించిన చోటు, అడ్డ కమ్మీల కూడళ్లు శ్రద్ధగా చూడవలసినవి. పగుళ్లు సాధారణంగా అక్కడే మొదలవుతాయి.

ఇంజను పొగ రంగును గమనించడం ద్వారా చాలా విషయాలు తెలుస్తాయి. నల్లని పొగ గాలి చాలకపోవడాన్ని గానీ, ఇంధనం ఎక్కువ కావడాన్ని గానీ తెలుపుతుంది. నీలి పొగ ఇంజను ఆయిల్ కాలుతున్నదని చెబుతుంది. ఇంజను వేడెక్కిన తరువాత కూడా తెల్లని పొగ ఆగకపోతే, ఇంధనం సరిగా మండడం లేదనో, నీరు సిలిండరులోకి చేరుతున్నదనో భావించాలి. ఆయిల్ పాలవలె మారితే హెడ్ గ్యాస్కెట్‌ను అనుమానించాలి.

చట్టపరమైన అంశం మరింత ముఖ్యమైనది. మోటారు వాహనాల చట్టం, 1988లోని 41వ సెక్షన్ ప్రకారం రవాణేతర వాహనపు రిజిస్ట్రేషన్ 15 సంవత్సరాలు చెల్లుతుంది. ఆపై తనిఖీలో నెగ్గితే ఐదేళ్ల చొప్పున పునరుద్ధరిస్తారు. సరకు రవాణా వాహనానికి ఫిట్‌నెస్ ధ్రువపత్రం కూడా అవసరం. 52వ సెక్షన్ వాహనపు మార్పులను కట్టడి చేస్తుంది. తయారీదారు మొదట నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టం చేసింది. కనుక ఛాసిస్‌ను పొడిగించడం, వేరొక రకం ఇంజను పెట్టడం, జీపును పికప్‌గా మార్చడం వంటి ఆలోచనలు మానుకోవాలి. మొదటి నుంచీ పికప్‌గా రిజిస్టరైన బండినే ఎంచుకోవడం ఉత్తమం. తొట్టిలో గానీ, రంగులో గానీ చేయదలచిన మార్పుకు పని మొదలుపెట్టక ముందే రవాణా శాఖ కార్యాలయాన్ని సంప్రదించాలి.

బ్రేకులు, స్టీరింగు

అనేక పాత నమూనాలలో నాలుగు చక్రాలకూ ఒకే బ్రేకు వలయం ఉంటుంది. ఒక గొట్టం పగిలితే నాలుగు బ్రేకులూ ఒకేసారి పోతాయి. అదే సంస్థ తరువాతి నమూనాలలో వాడిన జంట మాస్టర్ సిలిండరును, అధికారుల అనుమతికి లోబడి, అనుభవజ్ఞుడైన మెకానిక్ చేత అమర్చుకుంటే ముందు, వెనుక వలయాలు వేరవుతాయి. ఇనుప గొట్టాలు, రబ్బరు హోసులు, వీల్ సిలిండర్ల రబ్బర్లు పూర్తిగా కొత్తవి వేయించాలి. బ్రేకు ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ చేరిన ద్రవం తక్కువ వేడికే మరుగుతుంది. అందువల్ల రెండేళ్లకు ఒకసారి మార్చడం మంచిది. దాని బదులు ఇంజను ఆయిల్ వంటిది పోస్తే రబ్బర్లు ఉబ్బి బ్రేకులు పట్టేస్తాయి.

స్టీరింగులో కింగ్ పిన్నులు, టై రాడ్ కీళ్లు, స్టీరింగు బాక్సు మూడింటినీ విడివిడిగా పరీక్షించాలి. ముందు చక్రాన్ని నేల నుంచి లేపి, పైనా కిందా పట్టి ఊపితే కింగ్ పిన్నుల, బేరింగుల వదులు తెలుస్తుంది. పక్కలు పట్టి ఊపితే టై రాడ్ కీళ్ల వదులు తెలుస్తుంది. కొన్ని పాత జీపు తరహా బండ్లలో ఎడమవైపు చక్రాల నట్లకు ఎడమ మర ఉంటుందని విప్పేవారు గుర్తుంచుకోవాలి. తెలియక బలవంతం చేస్తే స్టడ్లు విరుగుతాయి.

నాలుగు చక్రాల చోదనం

ఈ బండ్లలో ట్రాన్స్‌ఫర్ కేసు లివరును కలిపినప్పుడు ముందు, వెనుక యాక్సిళ్లు ఒకే వేగంతో తిరిగేలా బిగిసిపోతాయి. మలుపులో ముందు చక్రాలు వెనుక చక్రాల కంటే ఎక్కువ దూరం తిరగాలి. బురదలో టైరు జారి ఆ తేడాను సర్దుకుంటుంది. పొడి తారురోడ్డు మీద జారలేదు కనుక ఆ ఒత్తిడి అంతా గేర్లు, షాఫ్టు కీళ్ల మీద పడుతుంది. అందువల్ల తారురోడ్డు ఎక్కగానే ఫోర్‌వీల్ డ్రైవ్‌ను విడదీయాలి.

దీని నుంచి మరో రెండు నియమాలు పుడతాయి. నాలుగు టైర్లూ ఒకే కొలతవి, దాదాపు ఒకే అరుగుదలతో ఉండాలి. అలాగే పాత యాక్సిల్ బదులు వేరొకటి వేస్తే, దాని క్రౌన్, పినియన్ పళ్ల నిష్పత్తి రెండవ యాక్సిల్‌తో సరిపోవాలి. పాత సామాను అంగడిలో కేవలం ఆకారం చూసి కొన్న యాక్సిల్ ట్రాన్స్‌ఫర్ కేసును కొద్ది రోజులలోనే దెబ్బతీయవచ్చు.

జీపు తరహా ట్రాన్స్‌ఫర్ కేసులోని లో రేంజ్ చక్రాలకు చేరే తిప్పుబలాన్ని సుమారు రెండున్నర రెట్లు చేస్తుంది. వేగం అంతే నిష్పత్తిలో తగ్గుతుంది. కాలువ గట్టు నుంచి బరువుతో దిగేటప్పుడు లో రేంజ్‌లో ఇంజనే బండిని నిలువరిస్తుంది. బ్రేకులు వేడెక్కవు.

తొట్టి – బరువు లెక్క

తొట్టి కట్టించేటప్పుడు ‘గట్టిగా ఉండాలి’ అనే కోరికతో ఇనుము అధికంగా వాడడం సాధారణం. తొట్టిలో పెరిగిన ప్రతి కిలో మోయగల సరకులో తగ్గుతుంది. 2.4 మీటర్ల పొడవు, 1.5 మీటర్ల వెడల్పు గల అడుగు భాగాన్ని 3 మి.మీ. ఇనుప రేకుతో వేస్తే సుమారు 85 కిలోలు, 2 మి.మీ. రేకుతో వేస్తే సుమారు 57 కిలోలు తూగుతుంది. 25 మి.మీ. టేకు పలకలతో వేసినా ఇంచుమించు 58 కిలోలే అవుతుంది. పైగా విరిగిన పలకను ఒక్కటే మార్చుకోవచ్చు.

ఉదాహరణకు, రిజిస్ట్రేషన్ పత్రంలో సరకుతో బరువు 2,200 కిలోలు, ఖాళీ బరువు 1,500 కిలోలు అని ఉన్నదనుకుందాం. తేడా 700 కిలోలు. ఇందులో డ్రైవరు, తోడు మనిషి కలిసి 130 కిలోలు పోగా 570 మిగులుతాయి. అంటే 75 కిలోల ధాన్యం బస్తాలు ఏడు, లేదా 45 కిలోల యూరియా బస్తాలు పన్నెండు. తొట్టి 100 కిలోలు అధికంగా ఉంటే ఇవి వరుసగా ఆరుకు, పదికి తగ్గుతాయి. కమాన్ కట్టకు అదనపు పట్టీ వేయించినంత మాత్రాన ఈ పరిమితి పెరగదు. బ్రేకులు, యాక్సిళ్లు, ఛాసిస్ పాతవే కదా!

తొట్టిని ఛాసిస్‌కు వెల్డింగ్ చేయరాదు. గతుకులలో ఛాసిస్ కొద్దిగా మెలిపడుతుంది. నడుమ రబ్బరు గానీ కర్ర గానీ దిమ్మలుంచి, బోల్టులతో బిగించాలి. ఇతర చోట్ల వెల్డింగ్ చేసేటప్పుడు బ్యాటరీ తీగలు విప్పి ఉంచాలి. విజయవాడ ఆటోనగర్ వంటి కేంద్రాలలో తొట్టి కట్టే నిపుణులు ఉన్నారు. అయితే కొలతలు, రేకు మందం, బరువు పరిమితి రైతే ముందుగా కాగితం మీద రాసి ఇవ్వాలి.

పొటాష్ ఎరువులోని క్లోరైడు ఇనుమును త్వరగా తుప్పు పట్టిస్తుంది. తొట్టి అడుగున నీరు జారే రంధ్రాలు ఉంచి, ఎరువు దింపిన రోజే కడిగి ఆరబెట్టాలి. పురుగుమందులను పశువుల దాణాతో, కూరగాయలతో కలిపి రవాణా చేయరాదు.

నేల సంగతి

చిన్న బండి కనుక నేలకు హాని లేదన్న అభిప్రాయం పూర్తిగా సరికాదు. టైరు నేల మీద కలిగించే ఒత్తిడి సుమారుగా అందులోని గాలి ఒత్తిడికి సమానంగా ఉంటుంది. ట్రాక్టరు పెద్ద టైర్లను పొలంలో 12 నుంచి 16 పి.ఎస్.ఐ. గాలితో నడపగా, పికప్ టైర్లకు 35 పి.ఎస్.ఐ. లేదా అంతకంటే ఎక్కువ గాలి ఉంటుంది. అంటే బరువు తక్కువైనా పై పొరలో ప్రతి చదరపు అంగుళం మీద నొక్కుడు ఎక్కువ. యాక్సిల్ భారం తక్కువ కావడం వల్ల ఈ గట్టిదనం లోతుకు అంతగా దిగదు, దుక్కితో పోతుంది. కానీ పైరున్న పొలంలో దుక్కి సాధ్యం కాదు. నేల నిరోధం 2 మెగాపాస్కల్ దాటితే చాలా పైర్ల వేళ్లు చొచ్చుకుపోలేవు.

కనుక బండికి పొలంలో ఒకే దారి నిర్ణయించి, ప్రతిసారీ అదే చాలులో నడపాలి. పొలంలోకి వెళ్లే ముందు అరడుగు లోతు మట్టిని తీసి పిసికి చూడాలి. అది పిండి ముద్దవలె సాగితే అదును రాలేదని గ్రహించి బండిని గట్టుమీదనే ఆపాలి. ఫోర్‌వీల్ డ్రైవ్ ఉన్నది కనుక బురదలోకి వెళ్లగలదన్నది నిజమే. వెళ్లగలగడం వేరు, వెళ్లదగడం వేరు.

కూలీల రవాణా

కూలీలను సరకు తొట్టిలో ఎక్కించి పొలానికి తీసుకువెళ్లడం పల్లెలలో అలవాటైపోయింది. తొట్టిలో సీటు లేదు, బెల్టు లేదు, పైకప్పు లేదు. బండి పక్కకు ఒరిగితే ముందుగా పడేది వారే. సరకు వాహనంలో ఇలా ప్రయాణికులను ఎక్కించడం చట్టవిరుద్ధం. ప్రమాదం జరిగితే బీమా పరిహారం అందక, ఆ భారం బండి యజమాని మీద పడే అవకాశం ఉన్నది. బండిని ఎంత చక్కగా బాగుచేయించినా ఈ విషయంలో మినహాయింపు లేదు.

ముగింపు

పునర్నిర్మాణానికి ముందుగా భాగాలవారీగా అంచనా వేసుకుని, బయటపడబోయే లోపాల కోసం అందులో నాలుగో వంతు అదనంగా చేర్చుకోవాలి. ఆ మొత్తం కండిషన్‌లో ఉన్న మరో వాడిన బండి ధరకు సమీపిస్తే ఈ ప్రయత్నం విరమించడం వివేకం. పని పూర్తయ్యాక మొదట ఖాళీగా, తరువాత సగం బరువుతో, ఆపై పూర్తి బరువుతో నడిపి చూసి, ప్రతి దశలో చక్రాల నట్లు, యూ బోల్టులు, బ్రేకు గొట్టాల కీళ్లు తిరిగి బిగించాలి. ఛాసిస్ దృఢంగా, కాగితాలు సక్రమంగా, బ్రేకులు నమ్మకంగా ఉన్న సాదా బండి రంగు వెలిసినా రైతుకు ఏళ్ల తరబడి సేవ చేస్తుంది.