పది లక్షల్లో ఒక్క పరమాణువు



ఈ నెల సైన్స్ పేజీ చదివే ముందు మీ అబ్బాయినో అమ్మాయినో ఒక చిన్న ప్రశ్న అడగండి: "ఏ వస్తువైనా పూర్తిగా స్వచ్ఛంగా ఉంటేనే మంచిదా?" పాలు, నూనె, కారం గుర్తొచ్చి చాలామంది పిల్లలు "అవును" అంటారు. తిండి విషయంలో అది నిజమే. కానీ మీ చేతిలోని ఫోను, హాల్లోని ఎల్‌ఈడీ బల్బు, మేడ మీది సోలార్ ప్యానెల్, మెడలోని గొలుసు మాత్రం, కావాలని కలిపిన వేరే పరమాణువుల వల్లే ఆ పని చేయగలుగుతున్నాయి.

పదో తరగతి లోహాల పాఠంలో 22 క్యారెట్ల బంగారం ప్రస్తావన వస్తుంది. ఇంటర్ సెకండియర్ ఫిజిక్స్‌లో సెమీకండక్టర్ల పాఠం వస్తుంది. రెండింటినీ పిల్లలు వేర్వేరు పాఠాలుగా బట్టీ పడతారు. నిజానికి రెండింటి వెనక ఉన్న ఆలోచన ఒక్కటే. అది అర్థమైతే బట్టీ పట్టే పని చాలా తగ్గుతుంది.

క్రిస్టల్ అంటే ఏమిటి?

ఉప్పు రవ్వ, పటికబెల్లం ముక్క, ఇనుప మేకు, కంప్యూటర్ చిప్‌లోని సిలికాన్... వీటన్నింటిలో పరమాణువులు ఒక క్రమంలో వరసగా అమరి ఉంటాయి. అలాంటి పదార్థాన్ని క్రిస్టల్ లేదా స్ఫటికం అంటాం. ఉదయం అసెంబ్లీలో పిల్లలు వరసల్లో నిలబడినట్టు ఊహించుకోండి.

ఆ వరసల్లో నాలుగు రకాల తేడాలు రావచ్చు. ఒక పిల్లవాడు రాకపోతే అక్కడ ఖాళీ ఉంటుంది. ఒకరి చోట వేరే స్కూల్ పిల్లవాడు నిలబడవచ్చు. రెండు వరసల మధ్య ఓ చిన్నవాడు ఇరుక్కోవచ్చు. ఒక వరస సగం దూరం వచ్చి ఆగిపోవచ్చు. పరమాణువుల్లో ఇలాంటి తేడాలనే క్రిస్టల్ డిఫెక్టులు అంటారు. ఏ తేడా లేని నిజమైన క్రిస్టల్ ప్రకృతిలో దొరకదు. పరమాణువులు వేడికి కదులుతూ ఉంటాయి కాబట్టి కొన్ని ఖాళీలైనా ఏర్పడి తీరతాయి.

బంగారంలో రాగి ఎందుకు?

24 క్యారెట్ల బంగారం మెత్తగా ఉంటుందని మనకు తెలుసు. కారణం ఆ సగంలో ఆగిన వరసలే. వాటిని డిస్‌లొకేషన్లు అంటారు. నేల మీద పరిచిన పెద్ద తివాచీని మొత్తంగా లాగడం కష్టం. ఒక చివర చిన్న ముడత చేసి దాన్ని తోసుకుంటూ పోతే సులువుగా జరుగుతుంది. లోహం వంగేటప్పుడు జరిగేది అదే. పరమాణువుల పొరలన్నీ ఒక్కసారి జారవు, ముడత లాంటి డిస్‌లొకేషన్ ముందుకు కదులుతుంది. ఈ సంగతిని 1934లో టేలర్, ఒరోవాన్, పొలాన్యి అనే ముగ్గురు శాస్త్రవేత్తలు ఎవరికి వారుగా వివరించారు.

స్వచ్ఛమైన బంగారంలో ఆ ముడతకు అడ్డు తక్కువ. రాగి పరమాణువు బంగారం పరమాణువు కంటే చిన్నది. అది కలిసిన చోట వరస కొంచెం వంకర పోతుంది, ముడత అక్కడ ఆగుతుంది. అందుకే నగ గట్టిపడుతుంది. నగ మీద కనిపించే 916 అంటే వెయ్యి పాళ్ళలో 916 పాళ్ళు బంగారం అని అర్థం. 22ని 24తో భాగిస్తే వచ్చేది దాదాపు అదే. ఈ లెక్క మీ పిల్లల చేత చేయించండి. ఇలా ఎక్కువ పాళ్ళలో కలపడాన్ని మిశ్రలోహం చేయడం అంటాం. అంతకంటే ఎన్నో రెట్లు తక్కువ కలిపి క్రిస్టల్ గుణాన్నే మార్చడం డోపింగ్.

కెంపు, నీలం ఒకే రాయి

అల్యూమినియం ఆక్సైడ్ క్రిస్టల్‌ని తెలుగులో కురువిందం అంటారు. ఇంగ్లీషులోని కోరండమ్ అనే పేరు కూడా మన దక్షిణాది మాట నుంచి వెళ్ళిందే. స్వచ్ఛమైన కురువిందానికి రంగు ఉండదు. అందులో నూటికి ఒక పాలు, అంతకంటే తక్కువైనా సరే, అల్యూమినియం స్థానంలో క్రోమియం చేరితే అది పచ్చ, ఊదా కాంతుల్ని పీల్చుకుని ఎరుపును వదిలేస్తుంది. అదే కెంపు. క్రోమియం బదులు ఇనుము, టైటానియం కలిసి చేరితే అదే రాయి నీలం అవుతుంది. 1960లో థియోడర్ మైమన్ ప్రపంచంలో మొదటి లేజర్‌ని వెలిగించింది కూడా కృత్రిమంగా తయారుచేసిన కెంపుతోనే. ఆ వెలుగు క్రోమియం పరమాణువులది.

సిలికాన్: బియ్యం బస్తా లెక్క

ఒక ఘన సెంటీమీటరు సిలికాన్‌లో సుమారు 5×10²² పరమాణువులు ఉంటాయి. ఒక్కో పరమాణువు తన నాలుగు ఎలక్ట్రాన్లతో పక్కనున్న నాలుగింటితో బంధం పెట్టుకుంటుంది. అందువల్ల కరెంటు మోయడానికి ఖాళీగా తిరిగే ఎలక్ట్రాన్లు చాలా తక్కువ. గది ఉష్ణోగ్రత దగ్గర వాటి సంఖ్య సుమారు 1.5×10¹⁰ మాత్రమే. అంటే మూడు లక్షల కోట్లకు పైగా పరమాణువులకు ఒక్క ఎలక్ట్రాన్.

ఇప్పుడు ఆ సిలికాన్‌లో పది లక్షల పరమాణువులకు ఒకటి చొప్పున ఫాస్ఫరస్ కలుపుదాం. ఫాస్ఫరస్‌కు బయటి కక్ష్యలో ఐదు ఎలక్ట్రాన్లు. నాలుగు బంధాలకు పోగా ఐదోది దాదాపు స్వేచ్ఛగా తిరుగుతుంది. ఫలితంగా తిరిగే ఎలక్ట్రాన్ల సంఖ్య ముప్పై లక్షల రెట్లకు పైగా పెరుగుతుంది.

పది లక్షల్లో ఒకటి అంటే ఎంతో పిల్లలకు ఊహకు అందదు. మన ఇంటికి వచ్చే 25 కిలోల సన్నబియ్యం బస్తాలో గింజలు పది లక్షలకు పైనే ఉంటాయి. ఆ బస్తా మొత్తంలో ఒక్క గింజ మారితే వచ్చే తేడా ఇది.

బోరాన్ కలిపితే దీనికి వ్యతిరేకం. దానికి మూడే ఎలక్ట్రాన్లు కాబట్టి ఒక బంధంలో లోటు మిగులుతుంది. దాన్ని హోల్ అంటారు. పక్క ఎలక్ట్రాన్ ఆ లోటులోకి రావడం, దాని చోటు ఖాళీ కావడం ఇలా సాగుతూ హోల్ కూడా కరెంటు మోస్తుంది. ఫాస్ఫరస్ కలిపింది ఎన్-టైప్, బోరాన్ కలిపింది పి-టైప్.

ఈ రెండూ ఒకే ముక్కలో కలిసిన చోటు మొదట అనుకోకుండానే కంటపడింది. 1940లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో రస్సెల్ ఓల్ ఒక సిలికాన్ ముక్కను పరీక్షిస్తుంటే, వెలుతురు పడగానే అందులో ఊహించనంత వోల్టేజి పుట్టింది. కరిగిన సిలికాన్ గడ్డకట్టేటప్పుడు అందులోని మలినాలు ఒక పక్క ఒక రకం, మరో పక్క ఇంకో రకం చేరడమే దానికి కారణం. సిలికాన్ సోలార్ సెల్ ఆలోచన అక్కడి నుంచి వచ్చింది. అదే సంస్థలో 1947లో ట్రాన్సిస్టర్ పుట్టింది.

కల్తీకీ డోపింగ్‌కీ తేడా

పిల్లలు ముఖ్యంగా గ్రహించాల్సింది ఇక్కడే ఉంది. మలినం కలిస్తే మంచిదని కాదు. చిప్‌ల కోసం వాడే సిలికాన్‌ని ముందు 99.9999999 శాతం దాకా శుద్ధి చేస్తారు. ఆ తర్వాతే కావలసిన పరమాణువుల్ని లెక్క ప్రకారం కలుపుతారు. ఇనుము, రాగి లాంటివి పొరపాటున చేరితే అవి ఎలక్ట్రాన్లకీ హోల్స్‌కీ ఉచ్చుల్లా మారి సోలార్ సెల్ పనితీరును దెబ్బతీస్తాయి. ఏది కలపాలి, ఎంత కలపాలి, ఎక్కడ కలపాలి అనే మూడు ప్రశ్నలకు జవాబు తెలిసి చేస్తే డోపింగ్. తెలియకుండా చేరితే కల్తీ.

ఆ జవాబులు దొరకడం ఎంత కష్టమో ఎల్‌ఈడీ బల్బు చెబుతుంది. నీలి వెలుగు కోసం గాలియం నైట్రైడ్ క్రిస్టల్‌లో మెగ్నీషియం కలిపి పి-టైప్ చేయాలి. మెగ్నీషియం కలిపినా చాలాకాలం ఫలితం రాలేదు. తయారీలో చేరిన హైడ్రోజన్ మెగ్నీషియంను పని చేయనివ్వలేదు. 1980ల చివర జపాన్‌లో అకసాకి, అమానో ఎలక్ట్రాన్ కిరణాలతో దీన్ని దాటారు. తర్వాత నకమురా వేడి చేసినా చాలని, అడ్డం హైడ్రోజనేనని చూపించారు. ఈ నీలి ఎల్‌ఈడీ కృషికి ముగ్గురికీ 2014లో నోబెల్ బహుమతి వచ్చింది. ఎల్‌ఈడీ టార్చి ఆపి ఉన్నప్పుడు లోపల పసుపు చుక్కలు కనిపిస్తాయి. ఆ పసుపు పూతలో సాధారణంగా సీరియం కలిపిన క్రిస్టల్ పొడి ఉంటుంది. అది నీలి వెలుగులో కొంత భాగాన్ని పసుపుగా మారుస్తుంది. రెండూ కలిసి మన కంటికి తెల్లగా కనిపిస్తాయి.

ఇంట్లో చేసి చూడండి

1. ఒక టీస్పూన్ బియ్యం గింజలు లెక్కపెట్టించండి. వంటింటి త్రాసు ఉంటే ఆ స్పూను బియ్యం బరువు చూసి, 25 కిలోల బస్తాలో ఎన్ని గింజలుంటాయో లెక్క కట్టించండి.

2. ఎక్కడా కరెంటుకు కలపని మందపాటి రాగి తీగ ముక్కను ఒకసారి వంచి, మళ్ళీ తిన్నగా చేయమనండి. వంచిన చోట తీగ గట్టిపడి, దాని పక్కన వంగడం గమనిస్తారు. వంచినప్పుడు కొత్త డిస్‌లొకేషన్లు పుట్టి, ఒకదానికొకటి చిక్కుపడి కదల్లేకపోవడం వల్లే ఇలా అవుతుంది. తీగ కొనలు గుచ్చుకోకుండా పక్కన పెద్దవాళ్ళు ఉండాలి.

పిల్లల్ని అడగాల్సిన ఒక్క ప్రశ్న

"ఫాస్ఫరస్ కలిపిన సిలికాన్ ముక్కకు నెగటివ్ చార్జ్ ఉంటుందా?" ఎన్-టైప్ నిర్వచనం తప్పు లేకుండా రాసే పిల్లలు కూడా దీనికి "ఉంటుంది" అని చెప్పేస్తారు. ఉండదు. ఫాస్ఫరస్ పరమాణువు తనతో 15 ఎలక్ట్రాన్లను తెచ్చినట్టే 15 ప్రోటాన్లనూ తెస్తుంది. ముక్క మొత్తం మీద చార్జ్ సున్నా. నెగటివ్ అనే మాట అందులో ముఖ్యంగా కరెంటు మోసే ఎలక్ట్రాన్ల గురించి చెప్పింది. ఎంట్రన్స్ పరీక్షల్లో పిల్లలు తడబడేది ఇలాంటి చోటే.

చాలామంది తల్లిదండ్రులు "మాకు ఇంగ్లీషు మీడియం పాఠాలు రావు, మేమేం చెప్పగలం మేడమ్" అంటుంటారు. మీరు చెప్పక్కర్లేదు, వాళ్ళ చేత చెప్పించండి. క్లాసులో ఇంగ్లీషులో చదివింది ఇంట్లో నాన్నమ్మకో తాతయ్యకో తెలుగులో చెప్పమనండి. నిర్వచనాన్ని బట్టీ పట్టిన పిల్లలు రెండో వాక్యం దగ్గరే ఆగిపోతారు. అర్థమైన వాళ్ళు బియ్యం బస్తానో అసెంబ్లీ వరసనో పట్టుకుని ముందుకు పోతారు. ఎక్కడ ఆగారో నోట్‌బుక్‌లో రాసి పంపండి. క్లాసులో అక్కడి నుంచే మళ్ళీ మొదలుపెడతాను.