కొట్టింది ఒకటి, వచ్చింది ఒకటి

బాలాపూర్‌లో ఒక మహిళా సంఘం ఉందనుకుందాం. అప్పు కోసం బ్యాంకుకు తీర్మానం ఇవ్వాలి. దాన్ని కంప్యూటరులో తెలుగులో రాయాలి. అక్క ముందుగా ఊరి పేరు కొట్టింది. తెర మీద ‘బాలాపూర్’ పడలేదు. ఎనిమిది ఇంగ్లీషు అక్షరాలు పడ్డాయి. వై, ఈ, ఎన్, ఈ, హెచ్, టి, జె, డి.

“నేను సరిగ్గనే కొట్టిన వదినా! ఇదేంది, ఇట్ల వచ్చింది?”

“నీ చేతిల తప్పు లేదు. కంప్యూటరు ఇంకా ఇంగ్లీషులనే ఉంది.”

ఇలా ఎందుకు అవుతుంది?

పాత టైపు మిషనులో ప్రతి బటన్‌కు ఒక ఇనుప అచ్చు ఉండేది. నొక్కితే ఆ అచ్చే కాగితం మీద పడేది. కంప్యూటరులో అలా కాదు. బటన్ నొక్కితే లోపలికి ఒక నంబరు పోతుంది. ఆ నంబరుకు ఏ అక్షరం వేయాలో లోపలి పట్టిక చెబుతుంది. ఆ పట్టికను లేఅవుట్ అంటారు. బటన్ మీద ఏ అక్షరం అచ్చు వేసి ఉన్నా, మాట చెల్లేది పట్టికదే.

మన దేశ భాషలకు ఇన్‌స్క్రిప్ట్ అనే పట్టిక ఉంది. 1991లో అది భారత ప్రమాణంలో చేరింది. అందులో వై నొక్కితే బ. ఈ నొక్కితే దీర్ఘం. ఎన్ అంటే ల. హెచ్ అంటే ప. టి అంటే కొమ్ము దీర్ఘం. జె అంటే ర. డి అంటే పొల్లు. అక్క కొట్టిన ఎనిమిదీ సరైనవే! హిందీ క, తెలుగు క కూడా ఒకే బటన్ మీద ఉంటాయి. ఇది మంచి ఏర్పాటు.

ఇప్పుడు ఏం చేయాలి?

విండోస్ కంప్యూటరులో తెర అడుగున, కుడి మూలకు చూడండి. అక్కడ భాష గుర్తు ఉంటుంది. దాన్ని నొక్కి తెలుగు ఎంచుకోండి. కిటికీ బొమ్మ ఉన్న బటన్ పట్టుకొని, పొడుగు బటన్ నొక్కినా భాష మారుతుంది.

తెలుగు వచ్చింది గానీ వేరే అక్షరాలు పడుతున్నాయా? అయితే ఫొనెటిక్ అనే ఇంకో తెలుగు పట్టిక ఉండి ఉంటుంది. అందులో ఇంగ్లీషు అక్షరాల పలుకును బట్టి కొట్టాలి. మీకు అలవాటైనది ఉంచుకోండి. రెండోదాన్ని సెట్టింగులలో, భాష అన్న చోట తీసేయండి.

పాస్‌వర్డ్ దగ్గర మాత్రం జాగ్రత్త. అక్కడ చుక్కలే కనిపిస్తాయి, తప్పు కనబడదు. చాలాసార్లు తప్పు కొడితే కొన్ని ఖాతాలకు తాళం పడుతుంది. ఇంగ్లీషులోనూ వేర్వేరు పట్టికలున్నాయి. అమెరికా పట్టికలో షిఫ్టు పట్టుకొని 2 నొక్కితే ఈ-మెయిల్ గుర్తు వస్తుంది. బ్రిటన్ పట్టికలో కొటేషన్ గుర్తు వస్తుంది. అందుకే ముందు పేరు రాసే గడిలో ఆ గుర్తు కొట్టి చూడండి. సరిగా పడితే చెరిపేసి, అప్పుడు పాస్‌వర్డ్ కొట్టండి.

చెప్పండి చూద్దాం

ఇన్‌స్క్రిప్ట్‌లో కె అంటే క, సి అంటే మ. తెర మీద కె, సి, ఎన్ అని పడింది. కొట్టినామె ఏ పేరు రాయబోయింది?