కారు ట్యాంకు నిండకున్నచో చేయవలసిన పనులు

ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతపు గ్రామములలో రోగిని నెల్లూరు చేర్చవలసి వచ్చినపుడు పలువురు కారునే ఆశ్రయించుచున్నారు. అట్టి వేళ బంకులో నాజిల్ మాటిమాటికి ఆగిపోయి పెట్రోలు ఎక్కకున్నచో అమూల్యమైన కాలము వృథా యగును. కావున ఇందలి కారణములను పంచాయతీ సభ్యులకు వివరించుచున్నాము.

నాజిల్ కొనయందు చిన్న రంధ్రముండును. ట్యాంకు నిండి పెట్రోలు ఆ రంధ్రమును మూసినంతనే ప్రవాహము తనంతట నిలిచిపోవును. ట్యాంకులోని గాలి వెలుపలికి పోవుటకు వేరొక సన్నని గొట్టము కలదు. అది దుమ్ముతో పూడినను, పురుగులు గూడు కట్టినను గాలి లోపలనే చిక్కుకొనును. అపుడు పెట్రోలు పైకి తన్నుకొని వచ్చి, ట్యాంకు నిండకమునుపే రంధ్రమును మూయును.

మొదట నాజిల్‌ను కొంచెము వెనుకకు లాగి, ప్రక్కకు త్రిప్పి, నెమ్మదిగా పోయింపవలెను. మరియొక బంకులో సరిగా ఎక్కినచో లోపము మొదటి నాజిల్‌దని ఎంచవచ్చును. అంతటను ఆగుచున్నచో మెకానిక్కుచేత గాలిగొట్టమును పరీక్ష చేయింపవలెను. పుల్లలు, తీగలు పెట్టి పొడువరాదు.

ట్యాంకు నిండి ఆగిన పిమ్మట మరల మరల పోయించుట హానికరము. పెట్రోలు ఆవిరిని పీల్చు బొగ్గుడబ్బా తడిసి చెడును. ఆపైన ట్యాంకు నింపుటయే కష్టమగును. పొర్లిన పెట్రోలు అగ్నిప్రమాదమునకు హేతువగును. పోయునపుడు ఇంజను ఆపవలెను, పొగ త్రాగరాదు.

ఆపద వచ్చువరకు వేచియుండక, ట్యాంకు సగముండగనే నింపుకొనుడని, లోపమును ముందే సరిచేయించుకొనుడని గ్రామసభలో వాహనదారులకు బోధింపవలెనని మనవి చేయుచున్నాము.